పోయని ఒడిబియ్యం

నా ఉద్యోగమంతా సూర్యాపేట బస్‌స్టాండ్‌లోనే గడిచింది. కంట్రోలర్‌ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో, ఎప్పుడు కదలాలో చెప్పడం నా పని. డ్రైవర్ చాయ్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడినా ఊరుకునేవాణ్ణి కాదు. ఇక బోర్డు చూడకుండా ఎక్కి, ఊరు దాటాక లబోదిబోమనే ప్రయాణికులంటే మహా చిరాకు. "కండ్లు నెత్తికెక్కినయా?" అని ఎంతమందిని కసిరానో లెక్కలేదు. అలాంటి నేను ఒకరోజు మిర్యాలగూడ వెళ్లాల్సింది పోయి, కోదాడ బస్సెక్కి కూర్చున్నాను.

ఆ రోజు సెలవు పెట్టాను. చేతిసంచిలో పసుపు, కుంకుమ, అరటిపళ్లు ఉన్నాయి. మిర్యాలగూడలో ఉండే మా అక్కకూ బావకూ బొట్టు పెట్టి, ఒడిబియ్యానికి మా ఇంటికి రమ్మని పిలవాలి. నా భార్యది కోదాడ. అప్పటికే వాళ్లమ్మను చూడటానికి వెళ్లి ఉంది. ఆమె అటునుంచి హుజూర్‌నగర్ మీదుగా, నేను ఇటునుంచి, ఇద్దరం అక్క ఇంట్లో కలుసుకోవాలని అనుకున్నాం.

మునగాల దగ్గర పడుతుండగా కండక్టర్ నా దగ్గరికి వచ్చాడు. తెలిసిన పిల్లవాడే. "కోదాడకా సార్?" అని నవ్వుతూ అడిగాడు.

"కాదు, మిర్యాలగూడకు."

అతను ఒక క్షణం నా ముఖంలోకి చూశాడు. నేను వేళాకోళం ఆడటం లేదని తెలిశాక ఇక ఆపుకోలేకపోయాడు. "సార్, ఇది కోదాడ బండి. మీరే గిట్ల ఎక్కితే ఇగ పబ్లిక్ సంగతేంది సార్!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. కోదాడలో దిగేసరికి మిర్యాలగూడ వెళ్లే బస్సు ఎదురుగానే ఉంది, సీట్లు కూడా ఖాళీ. అది ఎక్కితే సరిపోయేది. ఎక్కలేదు. తలనొప్పిగా అనిపించి అత్తగారింటికి వెళ్లి, పెట్టింది తిని పడుకున్నాను. అప్పటికి నా భార్య మిర్యాలగూడ చేరింది. అక్క మా కోసం నాటుకోడి కూర వండి కూర్చుంది.

ఫోన్‌లో అక్క కూడా పడీ పడీ నవ్వింది. "నువ్వారా? బస్సు తప్పెక్కినవా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. తర్వాత నవ్వాపింది. "మంచిది తియ్యి తమ్మీ. జర పండుకో. తలకాయ నొప్పి తగ్గుతది" అంది.

ఈ కథ మా చుట్టాల్లో చాలాకాలం నడిచింది. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు నా చేత చెప్పించుకునేవారు. నేనూ కండక్టర్ గొంతు అనుకరిస్తూ చెప్పి నవ్వించేవాణ్ణి. అందులో నవ్వాల్సిందేమీ లేదని నాకు తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

ఒడిబియ్యం సంగతి మా వైపు ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. కోదాడ దాటి అవతలికి వెళితే చెప్పాలి. పెళ్లయిన ఆడబిడ్డను భర్తతో సహా పుట్టింటికి పిలిచి, పీటల మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె కొంగులో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు, కొత్త చీర, రవిక అందులో పెడతారు. ఆమె ఆ బియ్యం అత్తవారింటికి తీసుకెళ్లి వండి, వాడకట్టు వాళ్లను పిలిచి భోజనం పెడుతుంది. నాకు పుట్టిల్లు ఉంది, వాళ్లు నన్ను మరిచిపోలేదు అని నలుగురికీ చెప్పుకోవడం అది. తల్లి ఉన్నన్నాళ్లు తల్లి పోస్తుంది. ఆమె తర్వాత ఆ బాధ్యత అన్నదమ్ములది. ఏటా పోయరు. పెళ్లి నుంచి లెక్కిస్తే బేసి సంవత్సరం రావాలి. అది దాటిపోతే మళ్లీ బేసి ఏడు వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇంకో నియమం కూడా ఉంది. భర్త బతికి ఉన్న ఆడదానికే ఒడిబియ్యం పోస్తారు. ఈ నియమం పెట్టినవాడు ఎవడో గాని, వాడి నోట్లో మన్ను పడ అని ఇప్పుడు తిట్టుకుంటాను. అప్పుడు మాత్రం దాన్ని గురించి ఆలోచించిన పాపాన పోలేదు.

అమ్మ చనిపోయే ముందటేడు తన చేతులతో అక్కకు ఒడిబియ్యం పోసింది. ఆ తర్వాత పోయాల్సిన వంతు నాది. తోబుట్టువులం మేమిద్దరమే. మొదటి బేసి సంవత్సరం కరోనాలో కొట్టుకుపోయింది. ఆ సాకు నేను కల్పించింది కాదు, లోకమంతా ఇళ్లలో కూర్చుంది. రెండోసారి వచ్చినప్పుడే నేను బస్సు తప్పెక్కాను. ఆ తర్వాత ఇంకో రోజు అనుకున్నాం. బయల్దేరాల్సిన పొద్దున నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం. థర్మామీటర్ పెట్టి చూశాం, నిజం జ్వరమే. సాయంత్రానికి దిగిపోయింది. ఈలోపు డిపోలో పని మీద పడింది, మంచి రోజులు అయిపోయాయి, ఏడు తిరిగిపోయింది.

బావ మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ఫిట్టర్. అప్పటికే గుండె బలహీనపడి పని మానేశాడు. మేడ మెట్లెక్కితే మధ్యలో ఆగి గోడ పట్టుకునేవాడు. ఆయన ఎక్కువకాలం ఉండడని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అక్క వారానికోసారి ఫోన్ చేసి, "మీ బావ పానం మంచిగ లేదు తమ్మీ" అనేది. నేను మందుల గురించి అడిగేవాణ్ణి. హైదరాబాదులో ఫలానా దవాఖానకు తీసుకెళ్లమని సలహాలిచ్చేవాణ్ణి. అన్నీ విని, "గట్లనే" అనేది. ఆ మాట వెనుక ఇంకో మాట ఉందని నాకు తట్టలేదు. తట్టలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

వాళ్ల వాడకట్టులో ఏ ఇల్లాలు పుట్టింటి నుంచి ఒడిబియ్యం తెచ్చుకున్నా అక్క వెళ్లి తిని వచ్చేది. తిరిగి పిలవాల్సిన వంతు వచ్చేసరికి వండి పెట్టడానికి ఆమె దగ్గర పుట్టింటి బియ్యం ఉండేవి కాదు. "మీ తమ్మునికి యాదికి లేవా ఏంది?" అని తోడికోడలు ఒకసారి నలుగురి ముందు అన్నదట. ఇదంతా నా భార్య ద్వారా నాకు తెలిసింది. అక్క నాతో ఎప్పుడూ అనలేదు.

నేను రిటైరయ్యాక మళ్లీ బేసి సంవత్సరం వచ్చింది. ఇక డిపో పని అనే వంక కూడా లేదు. ఒక పొద్దున టిఫిన్ పెడుతూ నా భార్య అంది: "ఏమండీ, ఈసారైనా మిర్యాలగూడ వెళ్దామా? లేకపోతే ఈసారి ఏ బస్సెక్కుతారు?"

ఎప్పుడూ నవ్వే నేను ఆ రోజు నవ్వలేదు. ఒళ్లు మండింది. పొరపాటున జరిగినదాన్ని పట్టుకుని ఎన్నేళ్లు దెప్పుతావని అరిచాను. ఆమె బెదరలేదు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొరపాటు కాదండీ. మీకు వదినగారి మీద కోపం. అందుకే మీ కాళ్లు అటు పడటం లేదు."

"నాకెందుకు కోపం?"

"అత్తయ్యగారిని తీసుకురావడానికి వెళ్లి ఒక్కరే తిరిగొచ్చారు చూడండి, ఆ రోజు నుంచి."

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. అమ్మ బతికినంత కాలం నా దగ్గరే ఉంది. చివరి ఏడు బతుకమ్మ పండక్కి అక్క దగ్గరికి వెళ్లి అక్కడ మంచాన పడింది. తీసుకురావడానికి కారు మాట్లాడుకుని వెళ్లాను. ఈ స్థితిలో ప్రయాణం పనికిరాదని డాక్టర్ చెప్పాడు. ఖాళీ కారుతో తిరిగొచ్చాను. నెల తిరగకుండానే అమ్మ అక్క చేతుల్లో పోయింది. ఇందులో కోపానికి చోటెక్కడుంది? అదే నా భార్యతో అన్నాను.

ఆమె కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది. "ఏ డాక్టరండీ? అత్తయ్యగారే రానన్నారు కదా. 'నా బిడ్డ ఇంట్లనే నాకు నిమ్మళం' అని అందరి ముందూ అన్నారని మీరే వచ్చి నాకు చెప్పారు. చెప్పి, కంచం ముందు నుంచి లేచిపోయారు. మీకు నిజంగా గుర్తులేదా?"

లేదు. నిజంగా లేదు. ఇది రాస్తున్న ఈ క్షణానికి కూడా లేదు. నాకు గుర్తున్నది ఆ డాక్టర్. నల్లఫ్రేము కళ్లద్దాలు, చొక్కా జేబులో పెన్ను, "రిస్క్ తీసుకోకండి" అన్న మాట. వందమంది ముందు ప్రమాణం చేసి చెప్పగలిగినంత స్పష్టంగా ఉన్నాడు నా కళ్ల ముందు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఇంకా పెద్దగా అరిచాను. నీకు మతిపోయింది అన్నాను. తోబుట్టువు మీద కోపం పెట్టుకునే నీచుణ్ణా అన్నాను. నా మనసు నాకు తెలియదా, నువ్వొచ్చి చెప్పాలా అన్నాను. ఆమె మాట తప్పని అప్పటికప్పుడు రుజువు చేయాలి. గోడకున్న క్యాలెండర్ తీసి వేలు పెట్టి చూసి, వచ్చే గురువారం బాగుందని తేల్చి, అక్కడే నిలబడి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, గురువారం నీకు ఒడిబియ్యం పోస్తున్న. రేపొచ్చి బొట్టు పెట్టి పిలుస్తం. నువ్వు, బావ తయారుగ ఉండున్రి."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"నిజంగనా తమ్మీ?" అంది. తర్వాత ఫోన్ చేతిలో ఉందన్న సంగతి మరిచి, లోపలి గదిలో ఉన్న బావకు వినపడేలా కేకేసింది: "ఇనవడ్డదా? మా తమ్ముడు ఒడిబియ్యం పోస్తడట! గురువారమేనట!"

అరవై దాటిన మనిషి గొంతు కాదది. నేను గెలిచినట్టు నా భార్య వైపు చూశాను.

మరుసటి రోజు పొద్దున బస్‌స్టాండ్‌కు వెళ్లే దారిలో, ఏ వేళ మంచిదో అడుగుదామని పంచాంగం చూసే అయ్యగారి ఇంటి ముందు ఆగాను. ఆయన నేను చెప్పింది విని నవ్వాడు. "మూఢం నడుస్తుంటే ఒడిబియ్యమేంది సార్? ఎవరన్న వింటే నవ్విపోతరు. నెల దాటనియ్యండి."

మూఢంలో మా ఇళ్లల్లో శుభకార్యం తలపెట్టరు. చిన్న పిల్లల్ని అడిగినా చెబుతారు. ఇంటికి తిరిగొచ్చి క్యాలెండర్ చూశాను. ఆ పేజీ మీదే ఎర్ర అక్షరాల్లో మూఢం అని ఉంది. ముందు రోజు నేను వేలు పెట్టిన గడికి పైనే ఉంది. బస్సుల టైముపట్టికల్లో అక్షరం తేడా వస్తే పట్టుకునే కళ్లు నావి. ఆ ఎర్ర అక్షరాలు నాకు కనపడలేదు.

మళ్లీ ఫోన్ చేశాను. మూఢం పోయాక పెట్టుకుందాం అన్నాను. "గట్లనే కానియ్యి తమ్మీ. ఎటుబోతది" అంది అక్క.

మూఢం ఇంకా నడుస్తుండగానే బావ పోయాడు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకు ఒరిగిపోయాడట.

ఆ రోజు మిర్యాలగూడకు ఏ తడబాటూ లేకుండా చేరాను. వేములపల్లి నుంచి, నిడమనూరు నుంచి బావ తరఫు చుట్టాలంతా వచ్చారు. ఆడవాళ్లు అక్కను పట్టుకుని ఏడుస్తున్నారు. నన్ను చూసి ఆమె జరిగి చోటిచ్చింది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను కుళ్లి కుళ్లి ఏడ్చాను. బావ కోసమని అందరూ అనుకున్నారు. బావ కోసం కూడా ఏడ్చాను.

దినాలన్నీ అయ్యాక ఒకరోజు అక్కను అడిగాను. అమ్మను ప్రయాణం చేయించొద్దన్న డాక్టర్ పేరేమిటని.

"ఏ డాక్టర్ రా?" అంది అక్క. "అప్పటికి అమ్మను దవాఖానకే తీస్కపోలే. నువ్వొచ్చినవ్, అమ్మ రానన్నది, నువ్వు పోయినవ్."

అంటే ఆ కళ్లద్దాలు, ఆ పెన్ను, ఆ మాట, అన్నీ నేను తయారు చేసుకున్నవే. ఎప్పుడు చేసుకున్నానో తెలియదు. నా ఇంట్లోనే ఇంకెవడో కాపురం ఉండి, నేను పక్కకు తిరిగినప్పుడల్లా వస్తువులు అటూ ఇటూ మారుస్తున్నట్టు అనిపించింది. భయమేసింది. కానీ భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. వాడు మార్చింది నా కోసమే కదా. నేను మంచి కొడుకునని, మంచి తమ్ముణ్ణని నేను నమ్ముకుంటూ బతకడానికే కదా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బావ పోయిన దగ్గర నుంచి నేను మిర్యాలగూడకు తరచుగా వెళ్తున్నాను. జ్వరం లేదు, తలనొప్పి లేదు, ఏ అడ్డంకీ లేదు. మొదట్లో దాన్ని బాధ్యత అనుకున్నాను. అక్క ఒంటరిదైందని, అందుకే వెళ్తున్నానని. ఒకరోజు ఆమె ఇంట్లో హాయిగా పప్పుచారు పోసుకుని తింటుంటే అసలు సంగతి తట్టింది. అమ్మ పోయింది ఈ ఇంట్లోనే. అక్క ఈ ఇంట్లోనే ఉంది. ఊరు అదే, మనుషులు వాళ్లే. ఇప్పుడు లేనిది ఒక్కటే. ఆమెకు నేను ఇవ్వాల్సింది ఇక ఏమీ లేదు. అది లేకుండా పోయాకే నా కాళ్లు తేలికపడ్డాయి.

ఇంతకంటే నీచమైన సంగతి నా గురించి నాకు ఇంకోటి తెలియదు. ఇదైనా నిజమో కాదో చెప్పలేను. డాక్టర్‌ని కల్పించిన మనసు ఈ లెక్కను కూడా కల్పించగలదు. కానీ ఎక్కడో ఇది నిజమని కడుపులో తెలుస్తోంది. అమ్మ నిమ్మళాన్ని అక్క తీసేసుకుంది, కాబట్టి ఆమె ఒడి నా చేత్తో నింపను. లోపల ఎవరో ఇంత చిన్నపిల్లాడి పంతం పట్టుకుని కూర్చున్నారు. పైన నేను జుట్టు నెరిసి, పింఛను తీసుకుంటూ, అందరికీ నీతులు చెబుతూ తిరిగాను.

చేతులు కడుక్కుని వచ్చి అక్క ముందు కూర్చున్నాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది.

"అక్కా, నీకు ఒడిబియ్యం పోస్త. ఇయ్యాల రేపు ఈ పద్ధతులు ఎవలు సూస్తున్నరు? మనిద్దరమే. ఎవలనూ పిలవం. మూఢం లేదు, బేసి లేదు, ఏం లేదు. నేను పోస్త, నువ్వు పట్టు."

ఆమె బియ్యం ఏరడం ఆపలేదు.

"నిన్ను ఒక్కనాడన్న అడిగిన్నా తమ్మీ?"

"లేదు."

"ఎందుకడగలేదో ఎరుకేనా? అడిగి పోయించుకుంటే అది ఒడిబియ్యం గాదు, బిచ్చం. నీకు కోపమున్నదని నాకు ఎరుకే. అమ్మ గా మాటన్ననాడు నీ మొకం నేను సూసిన. ఎన్నడో ఓనాడు కరుగుతడు, మనసుల కెల్లి పోస్తడు అనుకుంట కూసున్న. మీ బావ గూడ గదే అనెటోడు. తొందరపెట్టకు, వానికే ఎరుకైతది అనెటోడు."

నేను ఏడుస్తున్నాను. "నాకే తెల్వదక్కా" అన్నాను. "నాకు కోపమున్నదని నాకే తెల్వదు."

"అదీ ఎరుకే" అంది. చాట పక్కన పెట్టి, కొంగుతో నా ముఖం తుడిచింది. ఆ చెయ్యి అమ్మ చెయ్యిలాగే గరుకుగా ఉంది. "కానీ ఇప్పుడు నువ్వు పోస్తనంటున్నది నీ కడుపుల మంట సల్లారనీకె. నా ఒడి నిండనీకె గాదు. అది నేను పట్టను తమ్మీ."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, సాయంత్రం వంటకు బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.